టీ తాగడం కూడా ఒక చదువే!

ఈ ఏటి సావనీరుకి ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం వారు అడిగారు. కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనక ఏ పాలిమర్ల మీదో, ఉత్ప్రేరకాల మీదో రాస్తానని అనుకుని వుంటారు. అలాంటి వ్యాసం రాస్తే ప్రూఫులు దిద్దే కుర్రాడు తప్ప మరొకరు చదవరని నాకు అనుభవమే. అందుచేత పదేళ్ళ పైచిలుకుగా నన్ను పట్టుకున్న ఒక పిచ్చి గురించి రాస్తున్నాను. పిచ్చి అన్నది మా ఆవిడ మాట. నేను హాబీ అంటాను. చైనా, తైవాన్, జపాన్, కొరియా దేశాల టీలు తెప్పించుకోవడం, వాటికి తగిన పాత్రలు సమకూర్చుకోవడం, తీరిగ్గా కాచుకుని తాగడం - ఇదే ఆ హాబీ.

"టీ తాగడానికో చదువా? గేటు బయట నుంచుని రెండు నిమిషాల్లో గొంతులో పోసుకుని క్లాసుకి పరిగెత్తే వస్తువు గదా అది!" అంటారు మీరు. నేనూ ఒకప్పుడు అలా అనుకున్నవాణ్ణే. పైగా అలా అనుకోవడానికి మీకంటే నాకే ఎక్కువ హక్కుంది. మన కాలేజి గేటు ఎదురుగా వేపచెట్టు కింద ముప్పై ఏళ్ళు టీ బడ్డీ నడిపిన మనిషి మా నాన్న. "బాబాయ్ బడ్డీ" అంటే పాతవాళ్ళకి గుర్తుండాలి. ఆయన కొడుకుని నేనని మాత్రం ఆ రోజుల్లో నా క్లాసులో ఒక్కడికీ తెలియదు. తెలియకుండా దాచింది నేనే. ఆ ముచ్చట ఆఖర్న చెబుతాను. ముందు ఆకు సంగతి చూద్దాం.

గాజు ఊదే పెద్దాయన

2011లో పరిశోధన కోసం తైవాన్‌లోని షిన్‌చు నగరానికి వెళ్ళి రెండేళ్ళున్నాను. మా విభాగంలో గాజు సామాను చేసే పెద్దాయన ఒకాయన వుండేవాడు. ఫ్లాస్కులూ, కండెన్సర్లూ విరిగితే మంట మీద పెట్టి ఊది అతికించడం ఆయన పని. రిటైరయ్యే వయసు. ఆయనకి ఇంగ్లీషు నూరు మాటలకి మించి రాదు. నాకు చైనీసు బొత్తిగా రాదు.

ఓ రోజు మధ్యాహ్నం మూడు గంటలకి విరిగిన కండెన్సరు పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. కూర్చోమని సైగ చేశాడు. మూత వున్న చిన్న తెల్ల పింగాణీ గిన్నెలో, గోళీల్లా చుట్టుకుపోయిన ఆకు చెంచాడు వేసి, వేడినీళ్ళు పోసి మూత పెట్టాడు. ముప్పావు నిమిషం తరవాత మూత కాస్త ఓరగా పట్టి గాజు జగ్గులోకి వంచేశాడు. అక్కణ్ణించి నా ముందుకొచ్చిన కప్పు మన ఉగ్గుగిన్నె అంత కూడా లేదు. పాలు లేవు, పంచదార లేదు. నీళ్ళకి లేత పసుపు రంగు. ఇదేం టీ అనుకుంటూ నోట్లో పోసుకున్నాను.

ముందు ఏమీ తెలియలేదు. మింగిన తరవాత గొంతులోంచి ఓ పూల వాసన వెనక్కి తిరిగి వచ్చింది. నాలుక మీద తీపి నిలిచింది. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగితే వచ్చే తీపి మనకి తెలుసు గదా, అలాంటిది. ఇలా తిరిగి వచ్చే తీపికి చైనావాళ్ళు "హుయ్‌గాన్" అని పేరే పెట్టుకున్నారు.

పెద్దాయన అదే ఆకు మీద మళ్ళీ నీళ్ళు పోశాడు. మళ్ళీ పోశాడు. మొత్తం ఏడుసార్లు. ఏ కప్పూ దాని ముందు కప్పులా లేదు. ఆఖర్న మూత తీసి చూపించాడు. గోళీలన్నీ విచ్చుకుని, కాడలతో సహా రెండు మూడేసి ఆకుల రెమ్మలు గిన్నె నిండా వున్నాయి. టీ బడ్డీవాడి కొడుకునై వుండి, టీ ఆకు అసలు రూపం నేను చూడడం అదే మొదలు. ఆ తరవాత అవసరం లేకపోయినా మూడింటికి ఆయన గదికి పోవడం నాకు అలవాటైంది. కావాలని గాజు సామాను విరగ్గొడుతున్నానని మా వాళ్ళు వేళాకోళం చేసేవారు.

రెండు దారులు, రెండు పేర్లు

హాస్టల్లో మేం "టీ" అనేవాళ్ళం, తెలంగాణ మిత్రులు "చాయ్" అనేవాళ్ళు. ఏది అసలు పేరని వాదించుకునేవాళ్ళం. చెప్పొచ్చేదేమంటే, రెండూ అసలు పేర్లే. చైనాలో దీనికి అక్షరం ఒకటే గాని, పలుకుబడి ప్రాంతాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల "చా" అంటారు. ఫూజియన్ సముద్రతీరంలో "తే" అంటారు. ఆ తీరపు మాట డచ్చి వర్తకుల ఓడలెక్కి యూరప్ చేరి, ఇంగ్లీషువాళ్ళ నోట "టీ" అయి మన రేవుల్లో దిగింది. "చా" నేల దారిన పర్షియా చేరి "చాయ్" అయి, అక్కణ్ణించి మన దేశానికి వచ్చింది. ఒకటి ఓడ మీద, ఒకటి నేల మీద వచ్చాయన్న మాట. బయల్దేరింది మాత్రం ఒకే దేశంనుంచి. హాస్టల్ తగవుకి ఇదే తీర్పు.

ఆకు ఒకటే, చెయ్యి వేరు

గ్రీన్ టీ చెట్టు వేరు, బ్లాక్ టీ చెట్టు వేరు అని ఎమ్మెస్సీ పాసయ్యాక కూడా నేను నమ్మాను. కాదు. అన్నీ కమీలియా సైనెన్సిస్ అనే ఒక్క జాతి మొక్కే. అందులో చిన్న ఆకుల చైనా రకం, పెద్ద ఆకుల అస్సాం రకం అని ముఖ్యంగా రెండున్నాయి. మిగతా తేడా చాలావరకు ఆకు కోశాక మనిషి చెయ్యి చేసేదే.

వంకాయ కోసి వదిలేస్తే నల్లబడుతుంది గదా. వంకాయలో ఆ పని చేసే ఎంజైము లాంటిదే టీ ఆకులోనూ వుంది. దాని పేరు పాలీఫినాల్ ఆక్సిడేజ్. ఆకు నలిగి గాలి సోకగానే అది కాటెకిన్లు అనే వగరు పదార్థాల మీద పనిచేసి, వాటిని థియాఫ్లావిన్లు, థియారుబిజిన్లుగా మారుస్తుంది. టీకి ఎరుపు, చిక్కదనం వీటివల్ల వస్తాయి. ఈ పనిని ఎప్పుడు ఆపాలి, ఎంతవరకు సాగనివ్వాలి అన్నదే టీ తయారీ రహస్యం.

కోసిన కాసేపటికే వేడి తగిలించి ఎంజైమును చంపేస్తే గ్రీన్ టీ. ఈ పని చైనాలో ఎక్కువగా ఇనప మూకుళ్ళలో వేయించి చేస్తారు, జపాన్‌లో ఎక్కువగా ఆవిరి పట్టి చేస్తారు. అందుకే హాంగ్‌ఝౌ ప్రాంతపు లాంగ్‌జింగ్ టీకి వేయించిన గింజల కమ్మదనం వుంటుంది, జపాన్ సెంచాకి పచ్చి ఆకు వాసన, సముద్రపు పాచి వాసన వుంటాయి. అట్టే నలపకుండా వాడబెట్టి ఆరబెడితే వైట్ టీ. వేడి తగిలించాక తడిమీద మూటకట్టి కాస్త మగ్గబెడితే ఎల్లో టీ. ఆకుల అంచులు మాత్రం నలిగేలా బుట్టల్లో ఎగరేసి, సగంలో ఆపేస్తే ఊలాంగ్. పూర్తిగా సాగనిస్తే మనం బ్లాక్ టీ అనేది. చైనావాళ్ళు మాత్రం నీళ్ళ రంగు చూసి దాన్ని ఎర్ర టీ అంటారు. వాళ్ళ నల్ల టీ వేరే వుంది. అది సూక్ష్మజీవులతో పులిసేది. యున్నాన్ రాష్ట్రపు పుఅర్ టీలలో తడిపి కుప్పపోసి మగ్గబెట్టే రకం ఆ కోవలోది. ఆ కుప్పపోసే పద్ధతి 1973 ప్రాంతంలో కుదిరింది. ఈ విద్యలన్నిటినీ, వాటి చుట్టూ అల్లుకున్న ఆచారాలనూ కలిపి చైనా పేరున 2022లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

మరి మన బడ్డీలో పొడి సంగతి? అది సి.టి.సి. టీ. పళ్ళున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చింపి, ఉండలు చుట్టే యంత్రం 1930 ప్రాంతంలో అస్సాంలో పుట్టింది. ఆకు తునాతునకలవుతుంది గనక రంగు, ఘాటు వెంటనే దిగిపోతాయి. పాలకీ పంచదారకీ తట్టుకుని నిలబడాలంటే ఆ ఘాటు వుండాల్సిందే. అది తక్కువ రకం టీ అని నేననను. దాని పని వేరు.

ఇక్కడ ఓ ఉపయోగపడే మాట. గ్రీన్ టీ చేదు అని మనవాళ్ళు మొహం చిట్లిస్తారు. తప్పు టీది కాదు, నీళ్ళది. సలసల కాగే నీళ్ళు పోస్తే కాటెకిన్లూ, కెఫీనూ బాగా దిగి చేదెక్కుతుంది. నీళ్ళు 70, 80 డిగ్రీలకి చల్లార్చి పోస్తే చేదు తగ్గి, థియానిన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చే కమ్మదనం పైకొస్తుంది. జపాన్‌లో మేలురకం గ్యొకురో, మాచ్చా చేసే తోటలకి కోతకి ముందు కొన్ని వారాలు పందిరి కప్పుతారు. నీడలో ఆ థియానిన్ ఎండకి కాటెకిన్లుగా మారిపోకుండా ఆకులోనే మిగులుతుంది. అందుకే గ్యొకురో టీకి 50, 60 డిగ్రీల నీళ్ళు చాలు.

పచ్చదోమ పెట్టిన భిక్ష

షిన్‌చు జిల్లాలో బేయ్‌పు, ఎమెయ్ అని రెండు ఊళ్ళున్నాయి. మా గాజు పెద్దాయనది బేయ్‌పు. ఒక వేసవి సెలవుకి వాళ్ళ ఊరు తీసుకెళ్ళాడు. అక్కడి టీ పేరు "తూర్పు సుందరి". చూస్తే తెలుపు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, గోధుమ - ఐదు రంగులు కలిసి రాలిన ఆకుల్లా వుంటుంది. తాగితే పట్టుతేనె, పండిన పళ్ళు గుర్తొస్తాయి. ఆ తేనె వాసన ఎవరూ కలిపింది కాదు. ఓ పురుగు పుణ్యం.

మన పత్తి రైతులు పచ్చదోమ అని తిట్టుకునే పురుగుకి దగ్గరి చుట్టం ఒకటి వేసవిలో ఆ తోటల మీద పడి లేత చిగుళ్ళ రసం పీలుస్తుంది. చిగురు ఎదగక ముడుచుకుపోతుంది. మొక్క తన్ను తాను కాపాడుకోవడానికి కొన్ని సువాసన ద్రవ్యాలు పుట్టిస్తుంది. ఆ చిగుళ్ళనే కోసి బాగా ఆక్సీకరణ చెందనిస్తే ఆ ద్రవ్యాలే తేనె వాసనగా తేలతాయి. పురుగు రావాలి గనక మందు కొట్టకూడదు. పురుగు ఎక్కువైతే పంట పోతుంది, రాకపోతే టీ పోతుంది. ఆ ఊళ్ళో దీనికి "గొప్పల టీ" అని ఇంకో పేరుంది. పురుగు పట్టిన ఆకు పారేయలేక టీ చేసి పట్నం పట్టుకెళ్ళిన రైతొకడు, మంచి ధర పలికిందని తిరిగొచ్చి చెబితే, గొప్పలు పోతున్నాడని ఊళ్ళోవాళ్ళు నవ్వారట. చెడిపోయిందనుకున్న ఆకుని పారేయకుండా ఓ చూపు చూసినవాడికి దక్కిన ఫలం అది.

పాత్రల కథ, నా మోసపోయిన కథ

పాత్రలు ఎందుకిన్ని రకాలని అడుగుతారు. టీ కాచే పద్ధతి మారినప్పుడల్లా పాత్ర మారింది. తాంగ్ రాజుల కాలంలో టీని అచ్చులుగా నొక్కి, పొడిచేసి, కాగే నీళ్ళలో వేసేవారు. 8వ శతాబ్దిలో లూ యూ అనే ఆయన టీ మీద పూర్తి గ్రంథమే రాశాడు. నీళ్ళు కాగడంలో మూడు దశలు చెప్పాడాయన. మొదట చేపకళ్ళ లాంటి బుడగలు, తరవాత అంచుల వెంట ముత్యాల సరాలు, ఆపైన కెరటాలు. కెరటాలు దాటితే ఆ నీళ్ళు పనికిరావన్నాడు. సుంగ్ రాజుల కాలంలో మెత్తని పొడిని గిన్నెలో వేసి, వెదురు చీపురుకట్ట లాంటి చిలుకుపుల్లతో నురుగు వచ్చేలా చిలికేవారు. తెల్లని నురుగు కనపడాలని నల్లని గిన్నెలు చేశారు. ఫూజియన్‌లో చేసిన ఆ గిన్నెల మీద కుందేలు వెంట్రుకల్లా సన్నగీతలుంటాయి. హుయ్‌జుంగ్ చక్రవర్తి స్వయంగా టీ మీద గ్రంథం రాశాడు. 1391లో మింగ్ వంశ స్థాపకుడు అచ్చుల టీ కప్పంగా పంపడం మాన్పించి విడి ఆకు పంపమన్నాడు. అచ్చుల పనికి జనం పడే శ్రమ తగ్గించడం ఆయన ఉద్దేశం. దాంతో ఆకు మీద నీళ్ళు పోసి వంచుకునే పద్ధతి నిలబడింది, టీ కూజాకి ప్రాముఖ్యం వచ్చింది.

ఆ కూజాల్లో పేరుమోసినవి యీషింగ్ ఊరివి. అక్కడి మట్టిని జీషా అంటారు. లోపలా బయటా మెరుగుపూత వుండదు. వేడిని నిలుపుతుంది, వాడినకొద్దీ నునుపు తేలుతుంది. అందుకే ఒక కూజాలో ఒకే రకం టీ కాయాలని నియమం పెట్టుకుంటారు. అసలైన పద్ధతిలో మట్టిపలకను కొట్టి, చుట్టి, చేత్తో కూర్చి చేస్తారు.

ఈ నాలుగు ముక్కలు చదివేసరికి నేనో పండితుణ్ణయ్యాననుకున్నాను. ఓ సెలవులో ఓ పర్యాటక వీధి దుకాణంలో, నెల జీతంలో ఆరోవంతు పోసి, "ముప్పై ఏళ్ళనాటి యీషింగ్ కూజా" ఒకటి కొన్నాను. అట్టపెట్టె, ముద్ర, ధ్రువపత్రం అన్నీ వున్నాయి. మర్నాడు గర్వంగా పెద్దాయన ముందు పెట్టాను. ఆయన మూత తీసి, లోపల వేలు తిప్పి, వేడినీళ్ళు పోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాట్లాడకుండా నాకిచ్చాడు. గుప్పున మైనం వాసన. లోపల నిలువునా అచ్చు అతుకు గీత. అచ్చులో పోసిన కూజా, పైన పాతదానిలా రుద్దిన పాలిష్. "మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి మంచిది" అన్నాడు. తనకొచ్చిన నూరు ఇంగ్లీషు మాటల్లోంచి ఏరుకుని మరీ!

తరవాత ఆయన చూపించింది తన తెల్ల పింగాణీ గిన్నె. గాయ్‌వాన్ అంటారు. మూత ఆకాశం, సాసరు భూమి, నడుమ గిన్నె మనిషి అని వాళ్ళ భావన. దాని ఖరీదు ఓ పూట భోజనం అంత. అది వాసన పీల్చదు, రంగు దాచదు. టీ బాగుంటే బాగుందని, లేకపోతే లేదని చెప్పేస్తుంది. నేర్చుకునేవాడికి కావలసింది అదే. నా కూజా ఇప్పటికీ తులసికోట దగ్గరుంది, గుర్తుకోసం.

పేరుని చూసి డబ్బు పోసినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. పుఅర్ టీ పాతబడితే విలువ పెరుగుతుందని జనం ఎగబడి కొని దాచారు. 2007లో ఆ ధరలు కుప్పకూలి ఎందరో నష్టపోయారు. వూయీ కొండల్లోని దా హోంగ్ పావ్ తల్లిచెట్లు ఆరే. 2006 నుంచి వాటి ఆకు కోయడమే మానేశారు. ఆ పేరుతో టీ మాత్రం ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. కొమ్మలంటు మొక్కల ఆకో, రెండు మూడు టీల మిశ్రమమో అయి వుంటుంది. అందులో తప్పేం లేదు, బాగుంటే తాగవచ్చు. తల్లిచెట్టు ఆకని చెబితే మాత్రం లేచి రావాలి.

పేరులేని కుమ్మరి గిన్నె

జపాన్‌కి టీ చైనా నుంచే వెళ్ళింది. 1191లో ఐసాయ్ అనే బౌద్ధ భిక్షువు గింజలు తీసుకెళ్ళాడంటారు. చైనాలో పొడిని చిలికే పద్ధతి పోయినా జపాన్‌లో నిలిచింది. నేటి మాచ్చా అదే. దానికి ఓ దర్శనంలాంటిది కల్పించినవాడు సెన్ నో రిక్యూ (1522-1591). బంగారు రేకులు తాపిన టీ గది కట్టించుకున్న హిదెయోషి అనే సేనాధిపతికి టీ గురువు ఈయన. గురువుగారి అభిరుచి మాత్రం రెండు చాపల మట్టిగోడల గది, వెదురు గరిటె, చేత్తో చేసిన నల్లమట్టి గిన్నె. ఆ గదుల్లోకి వెళ్ళే ద్వారం ఎంత చిన్నదంటే, ఎంతటి యోధుడైనా కత్తి బయట వదిలి మోకాళ్ళ మీద వంగి దూరాల్సిందే. 1591లో ఆ హిదెయోషే ఆయన్ని ఆత్మహత్య చేసుకోమని ఆజ్ఞాపించాడు. ఆయన చేసుకున్నాడు. వంగి దూరిన యోధుడు బయటికి రాగానే మళ్ళీ కత్తి తీసుకుంటాడని దీన్నిబట్టి తెలుస్తుంది.

జపాన్ టీ వాళ్ళు అన్నిటికంటే మిన్నగా చూసుకునే గిన్నెల్లో ఒకదాని పేరు కిజాయెమొన్ ఇదో. క్యోతోలో దైతోకుజి మఠం ఆవరణలోని కోహోఆన్‌లో వుంది. జాతీయ సంపదగా ప్రకటించారు. తీరా అది జపాన్‌ది కాదు. 16వ శతాబ్దిలో కొరియాలో పేరూ ఊరూ తెలియని కుమ్మరి ఎవరో చేసింది. మామూలు జనం నిత్యం వాడుకునే గిన్నె అంటారు. కాస్త వంకర, అడుగున పూత ముడతలు. 1931లో యానాగి సోయెత్సు అనే కళా విమర్శకుడు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఇంత మామూలుదా అని ఆశ్చర్యపోయాడు. ఆ మామూలుతనమే దాని అందమని రాశాడు. చేసినవాడు అందం కోసం చెయ్యలేదు. రోజుకి ఎన్నో చేసే చేతికి అది అబ్బింది.

ఈ కథకి చేదు కూడా వుంది. 1592-98 మధ్య హిదెయోషి సేనలు కొరియా మీద పడి, అక్కడి కుమ్మరులను ఎందరినో పట్టుకుపోయాయి. అరిత, హాగి, సత్సుమ - జపాన్ పింగాణీలో, మట్టిపాత్రల్లో పేరుపడ్డ ఈ ప్రాంతాల విద్యలో ఆ బందీల చేతులున్నాయి. కొరియాలో టీ ఆచారం బౌద్ధంతోపాటు క్షీణించి, 19వ శతాబ్దిలో చో-ఉయ్ అనే భిక్షువు వల్ల మళ్ళీ చిగిర్చింది. అందమైన గిన్నె చూసినప్పుడల్లా దాన్ని ఎవరు చేశారు, ఎవరు తాగారు అన్న రెండు ప్రశ్నలూ నాకిప్పుడు కలిసే వస్తాయి.

మొదలుపెట్టాలనుకునే వారికి

సరే, మీలో ఎవరికైనా సరదా పుడితే నా సలహాలు ఇవి. మొదట పాత్రలు కొనకండి. నూరు మిల్లీలీటర్లు పట్టే గాయ్‌వాన్ ఒకటి, అది లేకపోతే మూత వున్న పింగాణీ కప్పు, ఒక వడకట్టు, రెండు చిన్న కప్పులు చాలు. ఊలాంగ్ అయితే ఐదు గ్రాముల ఆకు, బాగా కాగిన నీళ్ళు, మొదటిసారి ముప్పావు నిమిషం. తరవాత ఒక్కోసారికీ కాస్త కాస్త పెంచండి. ఐదారు సార్లు పోయవచ్చు. మనకి దగ్గరలో దొరికే డార్జిలింగ్, నీలగిరి విడి ఆకు టీలతో కూడా ఈ అభ్యాసం చేయవచ్చు. పాలు లేకుండా తాగడానికి నాలుకకి ఓ పదిరోజులు గడువివ్వండి.

నీళ్ళు ముఖ్యం. మన జిల్లాల్లో బోరు నీళ్ళు ఉప్పదనం, సున్నం ఎక్కువ. వాటితో కాస్తే టీ మీద తెట్టె కడుతుంది, వాసన చస్తుంది. మరీ శుద్ధి చేసిన నీళ్ళతో చప్పగా వుంటుంది. రెండు మూడు రకాల నీళ్ళతో అదే ఆకు కాచి చూడండి. ఓ నోటుబుక్కు పెట్టుకుని ఏ ఆకు, ఎన్ని గ్రాములు, ఎంతసేపు, ఎలా వుంది అని రాసుకోండి. లాబ్ రికార్డు రాయడం నచ్చనివారికి కూడా ఇది నచ్చుతుంది. ఒంటికి మంచిదా, బరువు తగ్గుతామా అని మాత్రం నన్నడగకండి. రుచిగా వుంటుందని తాగుతాను. రాత్రిపూట తాగితే నిద్ర రాదు, అంతవరకు గ్యారంటీ ఇవ్వగలను.

ఇక ఆఖరి ముచ్చట

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఓ సాయంత్రం మా క్లాసు కుర్రాళ్ళు నన్ను బలవంతాన బడ్డీకి లాక్కెళ్ళారు. అంతవరకు ఏదో వంకతో తప్పించుకునేవాణ్ణి. నాన్న నన్ను చూశాడు. నేను తల తిప్పుకున్నాను. ఆయనకి అర్థమైంది. "ఏం బాబూ, టీయేనా?" అన్నాడు, అందరినీ అడిగినట్టే. తాగి, ఐదు రూపాయల నోటిచ్చాను. టీ రెండు రూపాయలు. మూడు రూపాయల చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. ఆ నెల నా పరీక్ష ఫీజు కట్టింది ఆ గల్లాపెట్టె లోంచే.

2013లో తైవాన్ నుంచి తిరిగొచ్చాక, ఇంటి దగ్గర నాన్నకి టీ కాచాను. అప్పటికి రోడ్డు వెడల్పులో బడ్డీ పోయింది. కెటిల్ పొయ్యిమీద పెట్టి, గాయ్‌వాన్ తీసి, ఆకు తూచి హడావుడి చేస్తున్నాను. థర్మామీటరు కూడా తెచ్చుకున్నాను. నీళ్ళు కాస్త పొగలు రాగానే దించబోతే, నాన్న పేపరు చదువుకుంటూనే "ఆగరా, ఇంకా కాగలేదు" అన్నాడు. తలెత్తి చూడలేదు. నీళ్ళ చప్పుడు విని అన్నాడు. జపాన్ టీ వాళ్ళు కెటిల్ చప్పుడుని పైన్ చెట్లలో గాలి అని మురిపెంగా చెప్పుకుంటారు. లూ యూ కళ్ళతో చూసి చెప్పిన దశలు మా నాన్నకి చెవులకే తెలుసు. ముప్పై ఏళ్ళు పంపుస్టవ్ హోరులోంచి గిన్నె చప్పుడు ఏరుకున్న చెవులవి. ఆ విద్య మా ఇంట్లోనే వుంది. అది విద్య అని తెలుసుకోవడానికి నేను అంతదూరం పోయివచ్చాను.

ఐదు కప్పులూ తాగాడు. ఆకు చల్లారాక ఒక రెమ్మ తీసి అరచేతిలో పరిచి చాలాసేపు చూశాడు. "ఒరే, ఇది ఆకురా! ఇన్నేళ్ళు టీ అమ్మానా, దీని మొహం ఇవాళ చూశాను" అన్నాడు. కాసేపాగి, "బాగానే వుంది గాని, నువ్విది కాచేలోపు పిల్లలకి గంట కొట్టేస్తారు" అని నవ్వాడు.

ఆనాటి ఐదు రూపాయల నోటు గుర్తుందా అని అప్పుడడిగాను. "రోజుకెంతమంది ఇచ్చేవాళ్ళురా, ఏం గుర్తుంటుంది" అన్నాడు. నిజంగానే మరచిపోయాడో, నాకోసం మరచిపోయాడో నాకు ఈనాటికీ తెలియదు.

మిత్రులారా, మీలో ఎవరైనా మా ఊరు వస్తే తప్పక మా ఇంటికి రండి. మంచి ఊలాంగ్ కాచి ఇస్తాను. అది నచ్చకపోతే మా నాన్న నేర్పిన పద్ధతిలో అల్లం దంచి వేసిన పాల టీ ఇస్తాను. అది కూడా ఇప్పుడు నేను చెవితో విని కాస్తున్నాను.